కాసాయి నుంచి కోరంగి దాకా: తీరపు అడవుల సింహావలోకనం

1864లో బంగాళాఖాతం ఇరవై ఏడు రోజుల తేడాతో రెండు తీరాలను ముంచింది. అక్టోబరు 5న వచ్చిన తుపాను ఖేజురి రేవునూ, హిజిలీ పల్లెలనూ ఊడ్చేసి, కలకత్తా రేవులో ఓడలను చెల్లాచెదురు చేసింది. పోయిన ప్రాణాలు యాభై వేలకు పైనేనని ఆనాటి అంచనా. నవంబరు 1 రాత్రి బందరు వంతు వచ్చింది. అక్కడ ముప్ఫై వేల మంది పోయారు. ఆ కలకత్తా తుపానూ, దాని వెనకే వచ్చిన కరవులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి కారణమయ్యాయి.

అప్పటికి ఖరగ్‌పూర్ అనే ఈ రైల్వే ఊరు, బెంగాల్‌లో మన తెలుగువాళ్ళు స్థిరపడిన ఊరు, లేదు. ఈ ఎర్రమొరం నేల మీద సాల్ చెట్లూ, నాలుగు గుడిసెలూ ఉండేవి. సముద్రం ఇక్కడి నుంచి కనిపించదు. అయితే ఊరికి ఉత్తరాన పారే కంసావతి, ఇక్కడివాళ్ళ నోట కాసాయి, కెలెఘాయితో కలిసి హల్దీ నదిగా మారి హుగ్లీ ముఖద్వారంలో ఉప్పునీళ్ళలో పడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి మన తాతలను ఇక్కడికి తెచ్చిన రైలుదారి ఆ తీరాన్ని ఆనుకునే సాగుతుంది. ఒక చివర సుందరవనాలు, ఇంకో చివర గోదావరి పాయల మధ్య కోరంగి మడ అడవులు, నడుమ ఖరగ్‌పూర్. తీరపు అడవుల కథలో ఈ ఊరికి నిజమైన పాత్ర ఉంది. మన సంఘాల సావనీర్లలో దాని ప్రస్తావన రాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

హిజిలీ పేరు ఇప్పుడు వినగానే ఐఐటీ, 1931 సెప్టెంబరు 16న జైలు కాల్పుల్లో నేలకొరిగిన సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా గుర్తొస్తారు. ఈస్టిండియా కంపెనీ లెక్కల పుస్తకాల్లో మాత్రం హిజిలీ అంటే ఉప్పు. మన కోస్తాలో ఉప్పు ఎండకే పండుతుంది. నౌపడ మడుల్లో నీళ్ళు పెట్టి ఎండనిస్తే చాలు. బెంగాల్ తీరంలో తేమ ఎక్కువ, అక్కడ ఉప్పునీటిని పొయ్యి మీద మరిగించాలి. మలంగీలనే ఉప్పుకూలీలు రాత్రింబవళ్ళు పొయ్యిలు మండించేవారు. ఆ పొయ్యిలకు వంటచెరకు కోసమని వేరుగా పొదల నేలలు కేటాయించారు. వాటిని జల్పాయి భూములనేవారు. కంపెనీ గుత్తాధిపత్యం కింద తరాల పాటు హిజిలీ, తమ్లుక్ ఏజెన్సీలలో తీరపు పొదలు ఇలా ఉప్పుగా మారాయి. 1860ల్లో ఆ తయారీ ఆగిపోయాక జల్పాయి భూములకు గట్లు కట్టి వరి వేశారు. అందువల్ల మేదినీపూర్ తీరానికి సుందరవనాల వంటి అడవి మిగలలేదు. ఖేజురి, కాంథీ, దీఘా వైపు నేడు కనిపించేవి గట్లూ, చెరువులూ, సరుగుడు తోపులూ. నదీముఖాల్లోనూ, సువర్ణరేఖ సముద్రంలో కలిసే చోట ఒడిశా పొలిమేర దాటాక బిచిత్రపూర్ దగ్గరా కాస్త మడ అడవి ఊపిరి తీస్తోంది.

ఉప్పెన మాటకొస్తే, కలకత్తాలో కూచుని కోరంగి గురించి ఆలోచించిన మనిషి ఒకరున్నారు. హెన్రీ పిడింగ్టన్ నావికా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడు, తుపానుల పిచ్చి పట్టినవాడు. ‘సైక్లోన్’ అనే పేరు పెట్టిందీ ఆయనే. 1789 డిసెంబరులో కోరంగి రేవు మీద వరసగా మూడు అలలు విరుచుకుపడిన వైనాన్ని ఆయన రాసిపెట్టాడు. 1839 నవంబరులో మరో ఉప్పెన వచ్చి ఆ రేవును లేవకుండా కొట్టింది. మూడు లక్షల మంది పోయారని పుస్తకాలు చెబుతాయి, ఆ లెక్క మీద వాదాలున్నాయి. రేవు చనిపోయిందన్నదాంట్లో వాదం లేదు. ఓడలు కట్టిన కోరంగి పల్లెటూరైంది. 1853లో కలకత్తాకు బదులుగా మాత్లా నది మీద కొత్త రేవు కడతామన్నప్పుడు పిడింగ్టన్ గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాశాడు. ఒకనాడు సముద్రం లేచి రేవును ముంచుతుందని హెచ్చరించాడు. ఎవరూ చెవిన పెట్టలేదు. పోర్ట్ కానింగ్ కట్టారు. 1867 తుపానులో అది దెబ్బతింది, కొన్నేళ్ళకు వదిలేశారు. కోరంగి నేర్పిన పాఠం మాత్లా ఒడ్డున పనికిరాకుండా పోయింది.

ఇక రైలు. విజయవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ లైను 1893–96 మధ్య పడింది. శతాబ్దం మారేనాటికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలి చేసింది, వర్క్‌షాప్ వెలిసింది, తెలుగు కూలీలు, ఫిట్టర్లు, ఫైర్‌మెన్లు బండి దిగారు. మథురాకాటి, నిమ్‌పురా బస్తీలు అలా నిండాయి. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ చరిత్ర చెప్పమంటే ఎవరైనా బి.ఎన్.ఆర్. సమ్మెలనూ, వాటిని నడిపిన వి.వి.గిరినీ, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారాన్నీ, 2020 డిసెంబరులో తెలుగుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన అధికార భాష హోదానూ చెబుతారు. పట్టాల కింద స్లీపర్ చెక్కలు ఎక్కడివో ఎవరూ అడగరు. అవి సాల్ కలప. రైలు రాగానే జంగల్ మహల్ అడవులకు సంత దొరికింది. జమీందార్లు గుత్తకిచ్చారు, కాంట్రాక్టర్లు నరికారు. యాభై ఏళ్ళలో మేదినీపూర్ పడమటి మెట్టంతా మోడువారిపోయింది. మన పూర్వులు వేసిన పట్టాలకు అడవి చెల్లించిన ధర అది.

ఆ మోడుల్లోంచే ఒక ఆలోచన మొలకెత్తింది. మేదినీపూర్ పట్టణానికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఆరాబాడీ అనే చోట అటవీ శాఖకు పరిశోధనా క్షేత్రం ఉంది. 1970ల మొదట్లో అక్కడికి అజిత్ కుమార్ బెనర్జీ అధికారిగా వచ్చారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు రోజూ కట్టెలు కొట్టుకుపోయి పట్టణంలో అమ్ముకుని బతుకుతున్నారు. కాపలాలు, కేసులు, లాఠీలు వాళ్ళను ఆపలేకపోయాయి. బెనర్జీ ఊళ్ళకు వెళ్ళి కూచున్నారు. పదకొండు ఊళ్ళు, 618 కుటుంబాలు, 1,272 హెక్టార్లు. అడవిని మీరు కాయండి, అడవి పనుల్లో కూలి మీకే ఇస్తాం, సాల్ పెరిగి అమ్ముడైతే నికరాదాయంలో పావు వంతు మీది అన్నారు. సాల్ మొక్క నాటనక్కర్లేదు. నరికిన మోడును పశువు కొరక్కుండా, గొడ్డలి తగలకుండా వదిలేస్తే పిలకలు వేసి తానే లేస్తుంది. జనం కాశారు, అడవి లేచింది. పావు వంతు ఇస్తామన్న మాటకు ప్రభుత్వ ఉత్తర్వు మాత్రం 1987 దాకా రాలేదు. పదిహేనేళ్ళు ఆ పల్లెలు నోటిమాట మీద అడవిని కాపాడాయి. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఆ పదిహేనేళ్ళు.

1988లో కొత్త జాతీయ అటవీ విధానం, 1989లో బెంగాల్ తీర్మానం, 1990 జూన్‌లో కేంద్రం సర్క్యులర్. ఆరాబాడీ ఏర్పాటుకు ఉమ్మడి అటవీ యాజమాన్యం అనే పేరు స్థిరపడింది. 1992లో ఆంధ్రప్రదేశ్ దాన్ని అందుకుని వన సంరక్షణ సమితులు పెట్టింది. ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు ఆడవారు. మొదట అవి మెట్ట అడవుల కోసమే. కొద్ది ఏళ్ళలో అదే ఒప్పందం గోదావరి ముఖద్వారంలోని బురదలోకి దిగింది.

అప్పటికి కోరంగి పరిస్థితి ఎలా ఉందంటే, 1978లో 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ప్రకటించారు గాని, బయట ఉన్నదంతా బలహీనపడుతూనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచీ, తర్వాత ఎగువన ఒక్కో జలాశయం లేచినకొద్దీ, డెల్టాకు దిగే ఒండ్రూ మంచినీరూ తగ్గాయి. పాత పద్ధతిలో కూపులుగా విడగొట్టి నరికిన చోట్ల ఎండ నేరుగా నేలను తాకింది, నేల కుంగి పళ్ళెంలా గుంటపడింది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు లోపలికొచ్చి ఆటుకు వెనక్కి పోలేక అక్కడే ఎండిపోతాయి. ఉప్పు పేరుకుంటుంది, ఆ ఉప్పులో మడ విత్తనం సైతం బతకదు. దీనికి తోడు పశువులు. తెల్లమడ, నల్లమడ ఆకు గేదెలకు ఇష్టమైన మేత. వంటచెరకుకు తిల్ల, మడ. ఇళ్ళకూ కంచెలకూ కర్రలు. చివరగా 1990ల టైగర్ రొయ్య. చెరువుల తవ్వకం ఎంత దూకుడుగా సాగిందంటే 1996 డిసెంబరులో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీరానికి 500 మీటర్ల లోపు చెరువులను నిషేధించాల్సి వచ్చింది.

అటవీ సర్వే నివేదికలు చూస్తే, ఆంధ్రప్రదేశ్ మడ విస్తీర్ణం 1987 నివేదికలో 495 చదరపు కిలోమీటర్లు, 2003లో 329. పద్ధతులు మారాయి, ఉపగ్రహ చిత్రాల నాణ్యత మారింది, కాబట్టి అంకెను అంకెతో సరిపోల్చరాదు. కిందికి జారిన సంగతి మాత్రం తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను వచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారు, వాళ్ళలో వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. మడ అడవి వెనక ఉన్న ఊళ్ళకు గాలి, నీటి దెబ్బ తగ్గిందని అక్కడివాళ్ళు చెప్పుకున్నారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ పది వేలకు పైగా ప్రాణాలు పోగొట్టుకున్న జ్ఞాపకం వాళ్ళకు పచ్చిగానే ఉంది. ఈ నమ్మకానికి లెక్కల ఆధారం తర్వాత వచ్చింది. 1999 అక్టోబరు 29 నాటి ఒడిశా మహాతుపాను మీద సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ చేసిన పరిశోధన 2009లో అచ్చయింది. కేంద్రాపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తగ్గాయని అది చూపింది. అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడింది ముందస్తు హెచ్చరికేనని కూడా వాళ్ళు నిజాయితీగా రాశారు.

ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్ళు కలిసి 1990ల చివర్లో గోదావరి, కృష్ణా డెల్టాల్లో మొదలుపెట్టిన పని ఇక్కడే అర్థమవుతుంది. కెనడా సాయంతో నడిచిన ఆ పథకం తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా మూడు తీరాల్లో సాగింది. మొక్కల కన్నా ముందు వాళ్ళు నీటి దారి చూశారు. గుంటపడిన నేల మధ్యగా ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా చిన్న కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులాగే. పోటు నీరు లోపలికి రావాలి, ఆటుకు వెళ్ళిపోవాలి. రోజుకు రెండుసార్లు సముద్రమే వచ్చి నేలలోని ఉప్పును కడుగుతుంది. ఆ తర్వాత కాలువ ఒడ్డున, నీళ్ళు తగిలే ఎత్తులో, మడ మొక్కలు. కాలువలు ఎక్కడ తవ్వాలో పటాలు కొంత చెప్పాయి, మిగతాది ఆ పాయల్లో మండపీతల కోసం తిరిగిన మత్స్యకారులు చెప్పారు. ఏ కాలువ పూడుతుందో, ఏ మూలకు పోటు అందదో వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కోరంగి పక్క మట్లపాలెం, కృష్ణా వైపు దీనదయాళపురం వంటి చోట్ల వన సంరక్షణ సమితులు కూలి తీసుకుని తవ్వాయి, కాపలా కాశాయి, పూడిక తీశాయి. వందల హెక్టార్లలో బోడి నేల పచ్చబడింది.

సాల్‌కీ మడకీ ఒక తేడా ఉంది. తెల్లమడను నరికితే పిలక వేస్తుంది, ఉప్పుపొన్నను నరికితే చచ్చిపోతుంది. ఉప్పుకట్టిన నేలలో ఏదీ లేవదు. అందుకే ఆరాబాడీలో ‘ముట్టుకోకుండా వదిలెయ్యండి’ అన్న సూత్రం కోరంగిలో పనిచేయలేదు, అక్కడ తవ్వాలి. బెంగాల్ నుంచి వచ్చింది అటవీ శాస్త్రం కన్నా ఎక్కువగా ఊరితో చేసుకునే ఒప్పందం. ఆ ఒప్పందంలో సగం మాత్రమే ప్రయాణం చేసి వచ్చిందని నా అభిప్రాయం. దానికి కారణం కింద చెబుతాను.

అడవి తిరిగొచ్చిన చోట ఏమొచ్చిందో ఇప్పుడు చూడవచ్చు. నీటిపిల్లి కోరంగిలో ఉంది. 2018 గణనలో 115 కనిపించాయి. బెంగాల్ రాష్ట్ర జంతువు అదే కావడం మనకు ఇంకాస్త దగ్గరితనం. నీటికుక్కలు, శీతాకాలపు వలస పక్షులు, హోప్ ఐలండ్ ఇసుక మీద గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. వీటన్నిటికన్నా ఊరికి ముఖ్యం ఆ వేళ్ళ మధ్య పెరిగే రొయ్య పిల్లలు, మండపీతలు, చేప పిల్లలు. వలకు అందే బతుకంతా ఆ బురదలోనే పుడుతుంది.

మన సొంత జిల్లాల వైపు చూస్తే మడ అడవి తక్కువ, పోరాటం ఎక్కువ. ఖరగ్‌పూర్ నుంచి వెళ్ళే బండి ఇచ్ఛాపురం దాటాక సోంపేట వస్తుంది. అక్కడి బీల, వరద నీరు నిలిచే పల్లపు నేల, చేపలకూ పైరుకూ పశువులకూ ఆధారం. దాని మీద థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామంటే రైతులూ మత్స్యకారులూ అడ్డుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. పర్యావరణ అప్పీళ్ళ సంస్థ అనుమతిని రద్దు చేసింది. బీల మిగిలింది. నౌపడకు దగ్గర్లో తేలినీలాపురం ఉంది, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఏటా వచ్చి ఊరి చింత చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. పక్షులు వస్తే ఊరికి మేలని అక్కడివాళ్ళ నమ్మకం, వాటి మీద రాయి వేయనివ్వరు. ఏ పథకమూ రాకముందు నుంచే ఇది నడుస్తోంది.

ఉత్తరాన సుందరవనాల్లో 2009 మే 25 ఐలా తుపాను గట్లు తెంచాక ఊళ్ళ ఆడవాళ్ళు ముందుకొచ్చారు. నేచర్ ఎన్విరాన్‌మెంట్ అండ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ వంటి సంస్థల వెంట నడిచి విత్తనాలు ఏరారు, నారు పోశారు, గట్ల ముందు బైన్, కేవడా మొక్కలు నాటారు. మన భాషలో మడ, కళింగ. మొక్కలు కోటి దాటాయి. 2020 మే 20న ఆంఫాన్ వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం ఐదు కోట్ల మొక్కలు ప్రకటించి ఉపాధి హామీ కూలితో పని చేయించింది. ఏడాదికే యాస్ తుపాను దీఘా, మందార్‌మణి తీరాలను ముంచింది. ఖరగ్‌పూర్‌వాళ్ళు సెలవొస్తే పరిగెత్తే తీరం అది. ఎర్రపీతల ఇసుక మీద హోటళ్ళు లేచిన మందార్‌మణిలో వంద పైచిలుకు కట్టడాలను తీసేయమని 2022లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది, వివాదం కోర్టుల్లో నలుగుతోంది. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడ నేల చదును చేసిన సంగతీ అదే ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఒక చేత్తో నాటడం, ఇంకో చేత్తో పూడ్చడం రెండు రాష్ట్రాల్లోనూ జరుగుతోంది.

2021 సర్వేలో ఆంధ్ర మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. దిగజారిన చోటు నుంచి పైకి వచ్చిన మాట నిజం. 2023లో కేంద్రం మిష్టీ అనే మడ పథకం కింద తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో 540 చదరపు కిలోమీటర్ల లక్ష్యం పెట్టుకుంది. కోట్ల మొక్కల లెక్కలు వింటే నాకు భయమే కలుగుతుంది. పోటు అందని ఎత్తులో నాటిన మొక్క ఎండుతుంది, మరీ పల్లంలో నాటినది మునిగి కుళ్ళుతుంది. ఐదేళ్ళ తర్వాత ఎన్ని నిలిచాయన్నదే అసలు లెక్క. కాలువ పూడిక ఏటేటా తీసేవాళ్ళు ఊళ్ళో ఉంటేనే అవి నిలుస్తాయి.

ఇందాక సగం ఒప్పందం అన్నాను. ఆరాబాడీలో జనం కాసింది పావు వంతు వాటా కోసం. మడ అడవిలో కలప అమ్మకం లేదు, ఉండకూడదు. కోరంగి అభయారణ్యం లోపల వన్యప్రాణి చట్టం వాటాల మాట ఎత్తనివ్వదు. అక్కడ సమితుల బదులు పర్యావరణాభివృద్ధి కమిటీలు ఉంటాయి, వాటికి బాధ్యతలున్నంతగా హక్కులు లేవు. మత్స్యకారుడి వాటా చెట్టులో లేదు, చెట్టు కింది నీళ్ళలో ఉంది. పాయలో చేప పట్టుకునే హక్కు, పీత పట్టుకునే హక్కు, ఆ పాయను పూడ్చనివ్వకుండా అడ్డుపడే హక్కు. ఇవి కాగితం మీద రాసిస్తేనే ఒప్పందం పూర్తవుతుంది.

దానికి చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చేపలూ ఇతర జల ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది, అభయారణ్యాలకు కూడా వర్తిస్తుంది. చిక్కంతా రుజువు దగ్గరే. గిరిజనేతరులు 2005 డిసెంబరుకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా అక్కడున్నట్టు చూపాలి. 1930 నాటి కాగితం అడగడం, 1977నూ 1996నూ చూసిన గుడిసెలను అడగడం! అయితే అదే చట్టం కింది నిబంధనలు ఊరి పెద్దల వాంగ్మూలాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటాయి. తాత ఏ పాయలో వల వేశాడో, ఏ దిబ్బ మీద గుడిసె ఉండేదో చెప్పగలిగిన వాళ్ళు తీరంలో ఇంకా ఉన్నారు, వాళ్ళకు ఎనభై దాటుతున్నాయి. గ్రామసభ పిలిచి ఆ మాటలు రాయించుకోవాల్సింది ఈ కొద్ది ఏళ్ళలోనే.